తుపాకుల ట్రస్టులో పెద్దబ్బాయి

2003 సెప్టెంబరులో నేను జార్జియా రాష్ట్రం అల్ఫారెట్టాలో ఒక చిన్న లా ఆఫీసులో పారాలీగల్‌గా చేరాను. పారాలీగల్ అంటే లాయరు కాదు, గుమస్తా కూడా కాదు. కాగితాలు తయారు చేయాలి, క్లయింట్లతో మాట్లాడాలి, ఫైలులో ఏది తప్పినా మాట పడాలి. కానీ "మీరిలా చేయండి" అని సలహా మాత్రం ఇవ్వకూడదు. ఆ హక్కు ఇక్కడి బార్ పరీక్ష పాసై లైసెన్సు ఉన్నవాళ్లకే. రాజమండ్రిలో నాలుగేళ్లు నల్లకోటు వేసుకుని కోర్టుల చుట్టూ తిరిగిన నాకు, నోరు మూసుకుని కూర్చోవడమే ఈ ఉద్యోగంలో కష్టమైన పని. ఆ సంగతి విని మా వారు, ఆఫీసులో అలవాటైతే ఇంట్లో కూడా కొంత కలిసొస్తుందని ఆశపడ్డారు. పాపం, ఆ ఆశ నెరవేరలేదు.

ఆఫీసులో ముగ్గురమే. అటార్నీ హార్లన్, నేను, ముందు గదిలో ఫోన్లు చూసే డెబీ. హార్లన్ దక్షిణ జార్జియా పల్లెటూరి మనిషి. ఆరడుగుల మీద ఇంకో మూడంగుళాలు, మాట మాత్రం మహా నెమ్మది. ఆయన ఒక వాక్యం పూర్తిచేసేలోగా నేను కాఫీ కలుపుకుని రావచ్చు. నా పేరు కామేశ్వరి. మొదటి రోజు ఆయన దాన్ని కుదించి 'కామీ' అన్నారు. ఆ ఊళ్లో, అలాంటి క్లయింట్ల ముందు ఆ పిలుపు కమ్యూనిస్టు అన్నట్టే వినబడుతుంది. రెండు రోజుల్లోనే ఆ సంగతి ఆయనకూ తట్టి 'మిస్ కే' అని మార్చారు. పదకొండేళ్లు అదే పేరుతో పనిచేశాను.

మా పని వీలునామాలు, ట్రస్టులు. అంటే మనిషి పోయాక ఆస్తి గొడవ లేకుండా ఎవరికి చేరాలో బతికుండగానే రాసిపెట్టడం. 2007 ప్రాంతం నుంచి ఇందులో కొత్త రకం ఒకటి పెరిగింది, తుపాకుల ట్రస్టు. వినగానే మా అక్కయ్య ఇండియా నుంచి ఫోన్ చేసి "నువ్వు చేసేది అసలు లా పనేనా?" అని అడిగింది.

లా పనే. అమెరికాలో మామూలు వేట తుపాకీ కొనడం ఒక సంగతి. గొట్టం పదహారు అంగుళాలకంటే కురచగా ఉన్న రైఫిలు, మోత తగ్గించే సైలెన్సరు లాంటివి వేరే సంగతి. వీటిని ఫెడరల్ ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించాలి. చేతులు మారినప్పుడల్లా ఫారం నింపి, పన్ను స్టాంపు అతికించిన అనుమతి తెప్పించుకోవాలి. ఒక మనిషి పేరు మీద తీసుకుంటే ఆ మనిషి మాత్రమే వాడాలి. ఆయన ఊళ్లో లేనప్పుడు తుపాకులు పెట్టే సేఫ్ తాళం భార్య చేతిలో ఉన్నా చిక్కే. పైగా ఆ రోజుల్లో స్థానిక షెరీఫ్, అంటే ఆ ప్రాంతపు పోలీసు పెద్ద, సంతకం కూడా కావాలి. కొన్ని చోట్ల షెరీఫులు పెట్టేవారు, కొన్ని చోట్ల ససేమిరా అనేవారు. అదే ఒక ట్రస్టు పేరు మీద తీసుకుంటే షెరీఫ్ సంతకం అక్కర్లేదు, వేలిముద్రలు అక్కర్లేదు. ట్రస్టీలుగా రాసుకున్నవాళ్లందరూ వాటిని దగ్గర ఉంచుకోవచ్చు. పెద్దాయన పోయాక కోర్టు మెట్లెక్కకుండా పిల్లలకు చేరతాయి. తరవాత నిబంధనలు మారాయి. నేను చెబుతున్నది ఆ మార్పుకు ముందు మాట.

2011 ఏప్రిల్‌లో డాక్టర్ రామ్మోహనరావు గారు వచ్చారు. తెనాలి మనిషి. డెబ్భైల మొదట్లో ఈ దేశం వచ్చి, దక్షిణ జార్జియాలో వేరుశనగ పండించే ఒక చిన్న ఊళ్లో ముప్ఫై ఏళ్లు చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా పనిచేసి, రిటైరై అల్ఫారెట్టాలో కాండో, అంటే ఫ్లాటు, కొనుక్కున్నారు. ఆ ఊరి రైతులు ఆయన్ని మొదటి శీతాకాలమే లేళ్ల వేటకు తీసుకెళ్లారట. అప్పుడంటుకున్న సరదా. మూడు వేట తుపాకులు ముందునుంచీ ఉన్నాయి. ఒక పాత పేషెంటు పోతే ఆయన భార్య దగ్గర కురచ గొట్టం రైఫిలు ఒకటి కొనాలనీ, దానితో పాటు ఒక సైలెన్సరు తీసుకోవాలనీ ఇప్పుడు ఆయన ఆలోచన.

"సైలెన్సరెందుకండీ?" అని అడిగాను.

"చెవుల కోసమమ్మా. ముప్ఫై ఏళ్లు ఊరందరి చెవులూ బాగుచేసి, నా కుడిచెవి తుపాకి మోతకి పోగొట్టుకున్నాను. ఎవరితోనన్నా చెబితే నవ్వుతారు" అన్నారు. నేను కూడా నవ్వాను. ఆయనకు ముక్కు మీద కోపం, కానీ నవ్వితే కోప్పడే రకం కాదు.

ఆయన వెంట రత్నమాల గారు, అంటే వారి శ్రీమతి, వచ్చారు. ట్రస్టు అన్న మాట విని ఆవిడ ముఖం వెలిగింది. "అన్నదానం ట్రస్టా అండీ? ఇన్నాళ్లకి మంచి బుద్ధి పుట్టింది" అన్నారు. కాదు, తుపాకులకని చెప్పాక ఆవిడ బల్ల మీదున్న పత్రిక తెరిచి, ఆ పూటంతా మూయలేదు.

ట్రస్టుకు పేరు పెట్టడం దగ్గర గంట పట్టింది. 'శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఫైర్‌ఆర్మ్స్ ట్రస్ట్' అని పెట్టాలని డాక్టర్ గారి పట్టుదల, కులదైవం కదా. ట్రస్టు పేరు ప్రతి ఫారంలోనూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. ఎప్పుడైనా సొంతంగా ఒక రైఫిలు గొట్టం కురచ చేయించుకుంటే, దాని మీద ఆ పేరంతా చెక్కించాలి కూడా. ఇంత పేరు చెక్కాలంటే గొట్టం కురచ చేయించడం కుదరదని హార్లన్ మెల్లగా అన్నారు. నరసింహస్వామికి గోళ్లు చాలు, ఆయుధాలతో పనిలేదని నేనన్నాను. ఈ రెండో వాదన పనిచేసింది. చివరికి ఇంటిపేరు, సంవత్సరం, అంతే.

ఇక అసలు సంగతి. ట్రస్టులో మూడు పాత్రలుంటాయి. ఆస్తి పెట్టేవాడు గ్రాంటర్, చూసుకునేవాళ్లు ట్రస్టీలు, చివరికి అందుకునేవాళ్లు బెనిఫిషియరీలు. ఒక్కొక్కరి పేరు, బంధుత్వం, పౌరసత్వం రాసుకోవడానికి మా ఆఫీసులో ఒక పేజీ ఫారం ఉండేది. దాన్ని నింపడం నా పని. క్లయింటు చెబుతాడు, నేను రాస్తాను, హార్లన్ దాన్ని చూసి ట్రస్టు రాస్తారు. తెలుగువాళ్లతో నేను తెలుగులోనే మాట్లాడేదాన్ని. మాట్లాడుతూనే ఇంగ్లీషులో రాసుకునేదాన్ని. అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

"ట్రస్టీలు ఎవరండీ?"

"నేను, మా ఇద్దరబ్బాయిలు. పెద్దబ్బాయి మురళి, ఇక్కడే అల్ఫారెట్టాలో. చిన్నాడు సంజయ్, వేరే రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో. ఇద్దరూ సాఫ్ట్‌వేరే."

ఇద్దరికీ ఒకటే ఇంటిపేరు. బంధుత్వం దగ్గర 'సన్' అని రెండుసార్లు రాశాను. పౌరసత్వం దగ్గర, డాక్టర్ గారు నలభై ఏళ్లుగా ఇక్కడ ఉన్నారు కాబట్టి, ఇద్దరికీ 'యూఎస్' అని నేనే టిక్కు పెట్టేశాను. అడగలేదు. పదిమంది క్లయింట్లలో తొమ్మిదిమంది దగ్గర అడిగేదాన్ని. మనవాడు కదా, అర్థమైపోయిందనుకున్నాను. ఆ పప్పులో కాలేసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అప్పుడు నేను రత్నమాల గారితో గోంగూర ఎక్కడ బాగా దొరుకుతుందో మాట్లాడుతున్నాను.

మే నెలలో నోటరీ, ఇద్దరు సాక్షుల ముందు డాక్టర్ గారు ట్రస్టు మీద సంతకం చేశారు. ఫారాలు వెళ్లాయి. నవంబరులో అనుమతులు వచ్చాయి. రైఫిలు, సైలెన్సరు ఇంటికి చేరాయి. డిసెంబరులో దంపతులిద్దరూ మూడు నెలలకని విజయవాడ వెళ్లారు. ఫైలు మూసి అరలో పెట్టాను.

2012 ఫిబ్రవరిలో హార్లన్ పాత ఫైళ్లు తనిఖీ చేయమన్నారు. డాక్టర్ గారి ఫైలులో ఒక కాగితం లేదు. ట్రస్టీ అయినవాడు 'ఈ బాధ్యత ఒప్పుకుంటున్నాను' అని సంతకం చేసే పేజీ అది. సంజయ్ పోస్టులో పంపాడు. మురళి అప్పట్లో మినియాపోలిస్ ప్రాజెక్టు మీద ఉండి పంపలేదు. ఫోన్ చేస్తే మర్నాడు లంచ్ టైములో వస్తానన్నాడు.

వచ్చాడు. ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగేళ్లుంటాయి. చాలా మర్యాదస్థుడు, నాకు స్వీట్లు కూడా తెచ్చాడు. గుర్తింపు కోసం డ్రైవింగ్ లైసెన్సు అడిగి, జిరాక్స్ తీస్తూ గడువు చూశాను. ఇంకా పద్నాలుగు నెలలే ఉంది. లైసెన్సు మొన్నే తీసుకున్నట్టు ఉంది. పద్నాలుగు నెలలకి ఎవరిస్తారు?

"ఏం బాబూ, లైసెన్సు ఇంత తక్కువకిచ్చారేంటి?"

"నా హెచ్‌-వన్ ఎప్పటిదాకా ఉందో అప్పటిదాకానే ఇస్తారు కదా ఆంటీ. ఎక్స్‌టెన్షన్ రాగానే మళ్లీ రెన్యూ చేయించుకోవాలి. ప్రతిసారీ ఇదే గోల."

జిరాక్స్ యంత్రం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. "అదేమిటి, మీ నాన్నగారు సిటిజన్ కదా?"

"నాన్నగారు లేరాంటీ. నా తొమ్మిదో ఏట పోయారు. డాక్టర్ గారు మా పెదనాన్న." అని, నా ముఖం చూసి, "పెదనాన్న చెప్పలేదా?" అన్నాడు.

పెదనాన్న చెప్పారు. 'మా పెద్దబ్బాయి' అని చెప్పారు. మన ఇళ్లలో తమ్ముడి కొడుకుని అనే మాటే అది. ఇందులో ఆయన దాచిందేమీ లేదు. అడగాల్సినదాన్ని నేను అడగలేదు.

తెలియనివారి కోసం ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. హెచ్‌-వన్ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్న మనిషి, కొన్ని మినహాయింపులు తప్ప, ఏ తుపాకీనీ తన దగ్గర ఉంచుకోకూడదు. అది ఫెడరల్ నేరం. జైలు సంగతి అటుంచి, వీసా పోతుంది, గ్రీన్ కార్డు ఆశ పోతుంది, దేశం వదిలి వెళ్లాల్సి రావచ్చు. మురళి గ్రీన్ కార్డు వరుసలో ఏడేళ్లుగా నిలబడి ఉన్నాడు. ఇల్లు కొనుక్కున్నాడు. ఏడాది పాప. ఇదంతా నేను పెట్టిన ఒక టిక్కు మీద ఆగి ఉంది.

"ఆ తుపాకులు ఇప్పుడెక్కడున్నాయి బాబూ?" అని అడిగాను. లోపల దేవుడికి దండం పెడుతున్నాను.

"మా గరాజ్‌లో. పెదనాన్న ఇండియా వెళ్లేప్పుడు, కాండో మూడు నెలలు ఖాళీగా ఉంటుంది, దొంగలు పడతారని సేఫ్ మా ఇంటికి షిఫ్ట్ చేయించారు. ఎందుకాంటీ, ఏమైనా ప్రాబ్లమా?"

దండం ఫలించలేదు. అంతకంటే కష్టమైంది ఆ తరవాత వచ్చింది. మురళి మా క్లయింటు కాదు. మా క్లయింటు డాక్టర్ గారు. పైగా నేను లాయర్ని కాదు. ఎదురుగా కూర్చున్న పిల్లాడు ఆంటీ ఆంటీ అంటూ అడుగుతుంటే, ఒక్క ముక్క సలహా చెప్పే హక్కు నాకు లేదు. కూర్చోమని చెప్పి, స్వీట్ల డబ్బా చేత్తో పట్టుకునే హార్లన్ గదిలోకి వెళ్లాను.

నేను చెప్పింది ఆయన చివరిదాకా విన్నారు. తప్పు నాదని చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు. నా ఫారం తెప్పించి, ఆ టిక్కు మీద వేలు పెట్టి, దీన్ని చూడకుండా సంతకం చేసింది తాను, కాబట్టి తప్పులో సగం తనదని అన్నారు. ఆ సగం ఆయన తీసుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదన్నట్టు ఆయన వెంటనే పసుపు నోటు పుస్తకం తీశారు.

మురళిని లోపలికి పిలిచి హార్లన్ చెప్పింది మూడే మాటలు. మేము మీ తరఫు లాయర్లం కాదు, ఇక మీద మాతో ఏమీ చెప్పకండి. ఈ మధ్యాహ్నమే మీ సొంత లాయరుతో మాట్లాడండి. ఒప్పుకోలు పేజీ మీద సంతకం చేయకండి. ముగ్గురు ఇమ్మిగ్రేషన్ లాయర్ల పేర్లున్న కాగితం నేను అతని చేతికిచ్చాను. మురళి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ "మా ఆవిడకి సేఫ్ నంబర్ కూడా తెలీదాంటీ" అన్నాడు. జవాబివ్వకూడదు. తలుపు తీసి పట్టుకున్నాను, అంతే. ఆ ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలో నాకు సిగ్గనిపించింది అదొక్కటే.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి, అంటే విజయవాడలో సాయంత్రం, హార్లన్ డాక్టర్ గారికి ఫోన్ చేశారు. స్పీకర్ ఆన్ చేసి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మా పొరపాటు ఇదీ అని క్లయింటుకు చెప్పుకోవడం వృత్తి నియమం. డాక్టర్ గారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంగ్లీషు వదిలేసి తెలుగులోకి దిగారు.

"వాడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరమ్మా! టాక్స్ కడుతున్నాడు, సీమ దొరలాగా బుద్ధిగా ఉంటాడు. సేఫ్ ఇంట్లో పెట్టుకుంటే నేరమేంటి? రేపే టికెట్ మార్చుకుని వచ్చేస్తాను."

టికెట్లు అంత తొందరగా దొరకలేదు. ట్రస్టీల్లో మిగిలినవాడు సంజయ్ ఒక్కడే. అతను ఇక్కడే పుట్టినవాడు, చట్టప్రకారం సేఫ్ తెరిచి వాటిని తీసుకెళ్లగలిగిన మనిషి. చిక్కేమిటంటే అతనికి తుపాకులంటే పడదు. ట్రస్టీ పేజీ మీద కూడా తండ్రి పోరు పడలేక సంతకం చేశాడట. హార్లన్ నన్నే ఫోన్ చేయమన్నారు, విషయం చెప్పడానికి మాత్రమే.

"ఆంటీ, నాకు గన్స్ అస్సలు ఇష్టం లేదు. డాడ్‌కి చాలాసార్లు చెప్పాను" అన్నాడు సంజయ్, అమెరికన్ యాసలో ఒక్కో మాటా వెతుక్కుంటూ. మళ్లీ తనే, "కానీ అన్నకి ప్రాబ్లం అవుతుందా?" అన్నాడు.

అవ్వొచ్చని మాత్రం అన్నాను.

"అయితే నేను వస్తా. శనివారం ఫ్లైట్ బుక్ చేస్తా."

ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు 'మై కజిన్' అంటాడనుకున్నాను. అనలేదు, 'అన్న' అన్నాడు. ఆ ఇంట్లో బంధుత్వాలు సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా నా ఫారంలోనే ఉంది.

శనివారం సంజయ్ వచ్చాడు. హార్లన్ తయారు చేసిన జాబితా ప్రకారం సీరియల్ నంబర్లు ఒక్కొక్కటీ సరిచూసుకుని, వాటిని తండ్రి కాండోకు తరలించి, అక్కడ కొత్త సేఫ్‌లో పెట్టాడు. కాండో తాళం మార్పించాడు. పాత తాళంచెవి మురళి దగ్గర ఉంది కాబట్టి అది తప్పనిసరి. ఆ పనంతా జరుగుతున్నంతసేపూ మురళి, భార్య, పాప ఒక స్నేహితుడి ఇంట్లో ఉన్నారు. సాయంత్రం సంజయ్ మాకు ఫోన్ చేసి పని అయిందని చెప్పి, "ఇట్స్ సో హెవీ ఆంటీ, డాడ్ దీన్ని ఎలా క్యారీ చేస్తాడు?" అని ఆశ్చర్యపోయాడు.

గడిచిపోయిన రెండు నెలల మాటేమిటి? అది మురళి లాయరు చూసుకోవాల్సిన విషయం. ఆ లాయరమ్మాయి, నాకు తరవాత తెలిసింది, మురళిని అడిగిన మొదటి ప్రశ్న అతనికి వేట లైసెన్సు ఏదైనా ఉందా అని. ఉంది! అంతకుముందు నవంబరులో డాక్టర్ గారు లేళ్ల వేటకు రమ్మని పోరితే, లైసెన్సు లేకుండా అడవిలోకి అడుగుపెట్టడానికి భయపడి, బుద్ధిగా క్రీడా సామాన్ల దుకాణంలో వరుసలో నిలబడి రాష్ట్రం ఇచ్చే వేట అనుమతి కొనుక్కున్నాడు. ఒక్కసారి వెళ్లాడు, చలికి వణికాడు, ఏమీ కాల్చకుండానే తిరిగొచ్చాడు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉన్న తాత్కాలిక వీసాదారుడికి ఆ నిషేధం నుంచి మినహాయింపు ఉంది. సేఫ్ గరాజ్‌లో ఉన్న రోజులన్నీ ఆ లైసెన్సు గడువులోపలే ఉన్నాయి.

ఆ సంగతి చెప్పడానికి డాక్టర్ గారే ఇండియా నుంచి ఫోన్ చేశారు. నేను ఫోన్ పెట్టేసి డెబీని కౌగిలించుకున్నాను. ఎందుకో ఆ పిల్లకు తెలియదు, అయినా తిరిగి కౌగిలించుకుంది.

మినహాయింపు ఒక ఏడాది లైసెన్సు మీద వేలాడే వ్యవహారం. దాని మీద ఆధారపడి మురళిని ట్రస్టీగా ఉంచే ప్రశ్నే లేదన్నారు హార్లన్. మార్చిలో డాక్టర్ గారు తిరిగి వచ్చేసరికి సవరణ పత్రం సిద్ధం చేశాను. అందులో మూడు సంగతులున్నాయి. మురళి ట్రస్టీ కాదు. బెనిఫిషియరీగా ఉంటాడు, కానీ చట్టప్రకారం అర్హత వచ్చేదాకా అతని వాటా ట్రస్టీల దగ్గరే ఉంటుంది. మూడోది, 'సన్' అన్నచోట 'నెఫ్యూ' అని దిద్దుబాటు.

మొదటి రెండూ డాక్టర్ గారు తల ఊపుతూ చదివారు. మూడో దాని దగ్గర కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నెఫ్యూ ఏంటమ్మా? నెఫ్యూ అంటే మేనల్లుడు. మా చెల్లెలి కొడుకు శ్రీనివాసు, వాడు నెఫ్యూ. నాకు కూతురుంటే వాడికిచ్చి పెళ్లి చేసేవాడిని. మురళి నా తమ్ముడి కొడుకు. వాణ్ని నేనెలా నెఫ్యూ అని రాస్తాను?"

"ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాటండీ."

"అయితే ఇంగ్లీషుది తప్పు. నేను సంతకం పెట్టను."

పెట్టకపోతే మురళి ట్రస్టీగానే మిగిలిపోతాడు. అంత కష్టపడి తప్పించిన ప్రమాదం మళ్లీ మొదటికొస్తుంది. రత్నమాల గారు కూడా ఈసారి పత్రిక పక్కన పెట్టేశారు. "సంతకం పెట్టండి, వాడి జీవితం" అన్నారు. ఆయన కదల్లేదు.  "తమ్ముడు పోయినప్పుడు వాడి చేత తలకొరివి పెట్టించి, నేను వాణ్ని శ్మశానం నుంచి ఇంటికి ఎత్తుకుని తీసుకొచ్చాను. వాడెవరని ఎవరడిగినా నా కొడుకనే చెప్పాను. ఇప్పుడు గవర్నమెంటుకి కాదని రాసివ్వనా?" అన్నారు.

హార్లన్ ఏం జరుగుతోందని నావైపు చూశారు. నేను వివరించాను. మా భాషలో సోదరి కొడుక్కి వేరే మాట ఉంది, అన్నదమ్ముల కొడుక్కి వేరే మాట లేదు, కొడుకే. చెల్లెలి కొడుకు వియ్యం అందుకోదగినవాడు, తమ్ముడి కొడుకు సొంతబిడ్డ లెక్క.  అలాగైతే ఈయన మొదటి రోజు నీకు నిజమే చెప్పాడన్నమాట అన్నారు హార్లన్. ఔను, నిజమే చెప్పారు, ఇంగ్లీషులో దాన్ని అబద్ధం చేసింది నేను, అన్నాను.

చట్టానికి కావలసింది మనిషి ఎవరో తేలడం, బంధుత్వానికి ఒక పేరు కాదు, అని హార్లన్ కలం నాకిచ్చారు. నేను 'నెఫ్యూ' కొట్టేసి ఇంగ్లీషులో ఇలా రాశాను: మురళి, నా తమ్ముడికి పుట్టినవాడు, నేను నా కొడుకని చెప్పేవాడు. డాక్టర్ గారు రెండుసార్లు చదివి, "చెప్పేవాడు అనే ముక్క తీసేయకూడదా?" అని బేరమాడారు. కుదరదు, దత్తత తీసుకుంటే తప్ప, అన్నారు హార్లన్. అతనికి ముప్ఫై నాలుగేళ్లు, పాప కూడా ఉంది, ఇప్పుడు దత్తతేమిటండీ అన్నాను నేను. డాక్టర్ గారు కళ్లద్దాలు పెట్టుకుని సంతకం చేశారు. డెబీ, పక్క ఆఫీసులోంచి పిలిచిన ఒక పన్నుల లెక్కలాయన సాక్షులు.

ఆ వారంలోనే మా ఫారం మార్చాను. బంధుత్వం అన్న గడిని రెండు చేశాను. మీరు అతన్ని ఏమని పిలుస్తారు, అతన్ని కన్న తల్లిదండ్రులెవరు. పౌరసత్వం దగ్గర టిక్కు తీసేసి, ఏ కాగితం చూసి రాశారో రాయడానికి ఖాళీ వదిలాను. డబ్బు, భూమి, తుపాకి, ఏ ట్రస్టయినా అదే ఫారం. అమెరికన్ క్లయింట్లు కొందరు విసుక్కునేవారు. చైనావాళ్లు, మెక్సికో వాళ్లు మాత్రం ఆ రెండో గడి చూసి, ఇన్నాళ్లకి ఎవరో సరిగ్గా అడిగారన్నట్టు పొడుగ్గా చెప్పుకునేవారు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. పరాయి భాషవాడితో మనం జాగ్రత్తగా ప్రశ్నలు వేస్తాం. మన భాషవాడితో, మాట అర్థమైంది కాబట్టి విషయం కూడా అర్థమైందనుకుంటాం. కాగితానికి కావలసింది విషయం. అందుకే మనవాళ్లనే రెండుసార్లు అడగాలి.

2014లో, నేను రిటైరు కావడానికి మూడు నెలల ముందు, మురళికి గ్రీన్ కార్డు, దానితో పాటు తుపాకులు ఉంచుకునే అర్హత వచ్చాయి. ట్రస్టీగా మళ్లీ చేర్చమని డాక్టర్ గారు అతన్ని వెంటబెట్టుకుని వచ్చారు. నేను ఫారం తీశాను.

"డాక్టర్ గారు నీకేమవుతారు?"

"పెదనాన్న. మీకు తెలుసు కదాంటీ."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను" అన్నాను. "నిన్ను కన్నవాళ్ల పేర్లు చెప్పు. గ్రీన్ కార్డు ఇలా బల్ల మీద పెట్టు."